లైన్‌మన్ లాజరు సన్మాన పత్రం

లైన్‌మన్ లాజరుకు తన భార్య స్తుతి మీద ఎన్నడూ కోపం లేదు. అతని కోపమంతా ఆమె ఉద్యోగం మీద. ఇంకా కచ్చితంగా చెప్పవలసి వస్తే, ఆ ఉద్యోగం పేరు వినగానే కళ్లు చెమర్చే లోకం మీద.

మే నెలలో నర్సుల దినోత్సవం వస్తుంది. దానికి ముందటి ఆదివారం చర్చిలో పాస్టరు గారు ప్రసంగం ముగించి, సంఘంలోని నర్సమ్మలందరినీ లేచి నిలబడమన్నారు. స్తుతి లేచింది. సంఘమంతా నిమిషం పాటు చప్పట్లు కొట్టింది. వెనుక వరుసలో ఒక పెద్దావిడ కొంగుతో కళ్లొత్తుకున్నది. లాజరు కూడా చప్పట్లు కొట్టేవాడే గాని, పాట పాడడానికి పోతూ భార్య అప్పగించిన హ్యాండుబ్యాగు అతని కుడిచేతిలోనూ, ఆమె గొడుగు ఎడమచేతిలోనూ ఉన్నాయి.

తరువాత లైన్‌మన్లను కూడా లేవమంటారేమోనని అతడు చొక్కా సర్దుకొని, వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు. పాస్టరు గారు కానుకల సంచి తిప్పమన్నారు.

మైదుకూరులో వాళ్ల ఇల్లు. స్తుతి పని చేసే ఆసుపత్రి ఆ ఇంటికి నడిచిపోయేంత దూరం. లాజరు పని చేసే ముగ్గురాళ్లమిట్ట మాత్రం మంగంపేట గనులకు అవతల ఉన్నది. కడపలో బస్సు మారి, మళ్లీ ఆటో ఎక్కితే గాని చేరలేము. శనివారం సాయంత్రం ఇంటికి రావడం, ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని తిరుగు బస్సెక్కడం. ఆరేళ్లుగా ఆ దంపతులు వారానికి ఒక్క పూట కాపురం చేస్తున్నారు. ఈ జూన్‌లో మైదుకూరుకు బదిలీ ఇప్పించమని లాజరు అర్జీ పెట్టుకున్నాడు. అతని పై ఇంజనీరు ఏఈ సారు "చూద్దాం" అన్నారు. కరెంటు శాఖలో ఆ మాటకు "అయినట్టే" అని అర్థం.

ఆ మధ్యాహ్నం అన్నం దగ్గర లాజరు నోరు విప్పాడు.

"చూస్తిని లే చప్పట్లు."

"చూడకేం. నాకు మోకాళ్ల నొప్పి. అవి ఆగేదాంక కూర్చోనీకి లేదు."

"నేను పదకొండు వేల వోల్టుల పక్కన చెయ్యి పెడతా. నన్ను ఒక్కరన్నా లేచి నిలబడమన్నారా?"

"నువ్వు స్తంభం కొన మీద ఉంటావు గదప్పా. ఇంగ యాడికి లేస్తావు?"

"నవ్వులాటకు కాదు చెప్పేది. నువ్వు సూదేస్తే తల్లీ అంటారు. నేను ఫ్యూజేస్తే ఒరే కరెంటోడా అంటారు. సూది కంటే ఫ్యూజు తక్కువా?"

"ఎక్కువే," అన్నది స్తుతి, మజ్జిగ పోస్తూ.

వాదానికి సిద్ధపడి వచ్చిన మనిషికి ఎదుటివారు ఒప్పుకోవడం కంటే అన్యాయం మరొకటి లేదు. లాజరు కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"నిజంగానే అంటాండా," అన్నది ఆమె. "మా పనిని శానా ఎక్కువ చేసి చెప్తారు. నలభై మంది రోగులకు ఇద్దరం ఉంటాము. మూడో మనిషిని ఇయ్యండి సార్ అంటే, మీరు దేవతలు, మీకు మూడో మనిషి ఎందుకు అంటారు. సెలవడిగితే దేవతలకు సెలవేంది అంటారు. నన్ను కొంచెం తగ్గించి పొగిడితే నేను కొంచెం ఎక్కువ నిద్రపోతా."

"మాట మార్చొద్దు. ఆ పొగడ్తలో సగం నాకు రావాల."

"సగమెందుకు, అంతా తీస్కపో. బీరువాలో పై అరలో ఉండాది."

స్తుతి ఆ మాట హాస్యానికి అన్నది. లాజరు దానిని అనుమతిగా స్వీకరించాడు.

పై అరలో పదకొండు శాలువాలు ఉన్నాయి. అన్నీ మే నెల ఎండల్లో కప్పినవే. వాటి అడుగున, అద్దాల చట్రంలో, మూడేళ్ల కింద వర్తకుల సంఘం వారు ఆమెకు ఇచ్చిన సన్మాన పత్రం ఉన్నది. లాజరు దానిని తీసి, కిటికీ దగ్గర నిలబడి చదవసాగాడు. నాలుగు పంక్తులు చదివేసరికి అసూయతో కళ్లు మసకబారి, మిగిలినది చదవలేకపోయాడు. పత్రాన్ని జాగ్రత్తగా తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకొని బస్సెక్కాడు.

ముగ్గురాళ్లమిట్ట యువజన సంఘం అధ్యక్షుడు పరమేష్‌కు నలభై ఎనిమిదేళ్లు. సంఘంలో హాజరయ్యే సభ్యుడు కూడా అతడే. ఎవరినైనా సన్మానించడం అతని వ్యసనం. పశువుల డాక్టరును సన్మానించాడు, పోస్టుమాన్‌ను సన్మానించాడు, చెరువు పూడిక తీయడానికి వచ్చిన జేసీబీ డ్రైవరును కూడా కిందికి దింపి సన్మానించాడు. కొత్త మనిషి దొరకక రెండు నెలలుగా చేతులు ముడుచుకొని కూర్చున్నాడు.

"నర్సులకు ఒక దినం ఉండాది. మా లైన్‌మన్లకు ఏముండాది పరమేషన్నా?" అన్నాడు లాజరు, చూపు నేల మీద పెట్టి.

పరమేష్ కళ్లు వెలిగినాయి. "సన్మానం చేద్దామా?"

"నా నోటితో నేను చెప్పుకుంటే బాగుండదు. మీ సంఘానికే తోచినట్టు ఉండాల."

"సంఘానికి తోచాలంటే నాకే తోచల్ల గదప్పా. తోచింది పో. మరి పత్రం ఎవురు రాస్తారు? పోయినసారి జేసీబీ ఆయప్పకు నేనే రాసినా. మా ఊరి గుండెలు తవ్వినావు అని రాస్తే ఆయప్ప అలిగి పాయె."

లాజరు తువ్వాలు విప్పాడు.

కంప్యూటరు అంగడిలో నాగశ్రీ అనే అమ్మాయి పత్రాన్నంతా చకచక టైపు చేసి, "అన్నా, నర్సు అనే మాట ఉన్నచోటల్లా లైన్‌మన్ అని ఒకేసారి మార్చేస్తా. మైదుకూరును ముగ్గురాళ్లమిట్ట చేస్తా. పేరు మారుస్తా. మిగతాది ఒకసారి చదువుకుంటావా?" అని అడిగింది.

"చదివే పని లేదమ్మా," అన్నాడు లాజరు. "అది అచ్చొచ్చిన పత్రం. మైదుకూరులో వినినోళ్లంతా ఏడ్చినారు."

గురువారం సాయంత్రం బడి ఆవరణలో సభ. ముఖ్య అతిథి ఏఈ ప్రదీప్‌కుమార్ గారు. లాజరు ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కాతో, పౌడరు రాసుకున్న ముఖంతో వేదిక మీద కూర్చున్నాడు. పరమేష్ గొంతు సవరించుకొని పత్రం అందుకున్నాడు.

"శ్వేతవస్త్రాలలో హంసవలె కదలాడే మన లైన్‌మన్..."

జనం లాజరు ఖాకీ చొక్కా వైపు చూశారు. లాజరు కూడా చూసుకున్నాడు.

"సూది గుచ్చినా నొప్పి తెలియనీయని సుకుమారమైన చేతులు గల మన లైన్‌మన్..."

లాజరు తన చేతులను మెల్లగా కుర్చీ కిందికి జరిపాడు. పరమేష్ చదివే ధాటిలో ఉన్నాడు. అర్థంతో అతనికి పని లేదు.

"ఎందరో తల్లులకు తన స్వహస్తాలతో పురుడు పోసిన మన లైన్‌మన్..."

ఏఈ సారు నీళ్ల సీసా కింద పెట్టి లాజరు వైపు తిరిగారు. లాజరు వేదిక దిగే మెట్లు ఎటున్నాయో చూసుకున్నాడు.

అప్పుడు ముందు వరుసలో నాగలక్ష్మమ్మ అనే అవ్వ లేచింది. "నిజమేనప్పా. పోయిన వానకాలం మా కోడలు నొప్పులు పడతాంటే కరెంటు పాయె. ఈయప్ప జోరువానలో స్తంభమెక్కి దీపం తెచ్చినాడు. మంత్రసాని సెల్లు వెలుగులో తడుములాడతాండె. పురుడు ఈయప్పదే అంటా నేను."

చప్పట్లతో బడి రేకులు అదిరినాయి. లాజరు చేతులను కుర్చీ కింది నుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అవి ఒక్కసారిగా సుకుమారంగానే కనిపించినాయి. ఆ ఊపులో పరమేష్ చివరి వాక్యాలను గొంతెత్తి చదివాడు.

"సెలవు అన్న మాట ఎరుగని సేవామూర్తి. ఒక్కరై పదిమంది పని చేయగల శక్తిస్వరూపం. ఎక్కడికి బదిలీ చేసినా ముగ్గురాళ్లమిట్ట మట్టిని విడిచిపోనని శపథం పట్టిన త్యాగమూర్తి. మన లైన్‌మన్."

జనం లేచి నిలబడ్డారు. లాజరు కళ్లనుంచి ధారగా నీళ్లు కారినాయి. ఏఈ సారు జేబులోనుంచి పెన్ను తీసి ఏదో రాసుకున్నారు.

శనివారం సాయంత్రం ఇంటికి చేరి, అతడు కొత్త పత్రాన్ని అన్నం బల్ల మీద, భార్య కంటికి ఎదురుగా నిలబెట్టాడు. స్తుతి చేతులు తుడుచుకొని, కళ్లద్దాలు పెట్టుకొని, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం వరకు చదివింది.

"పురుడు కూడా పోసినావా?"

"ఆ ముక్క మార్చేది మరిచినారు. జనం ఏమీ అనుకోలేదు."

"హంస మాదిరి నడిచినావా?"

"ఏడ్చుకుంటే ఏడ్చుకో. నీకు సాటి వచ్చినానని కడుపుమంట."

"కడపటి మాట చదివినావా?"

"అన్నీ మంచి మాటలే."

"ఈ సభకు మీ ఏఈ వచ్చినాడా?"

"వచ్చినాడు. చప్పట్లు గూడా కొట్టినాడు."

"రాసుకున్యాడా?"

"రాసుకున్యాడు. నీకెట్ల తెలుసు?"

స్తుతి కళ్లద్దాలు తీసి పత్రం మీద పెట్టింది. మూడేళ్ల కింద ఆమె మొగుడి దగ్గరికి పోవాలని మంగంపేట వైపు బదిలీకి అర్జీ పెట్టుకున్నది. వర్తకుల సంఘం పెద్దలు అప్పటి ఆమె పత్రానికే నకలు తీసి, దాని కింద సంతకాలు పెట్టి, పై అధికారి దగ్గరికి మోసుకుపోయారు. ఊరిని విడువనని శపథం పట్టిన తల్లిని కదిలించడం పాపమని ఆ అధికారి తీర్మానించాడు. శపథం ఎప్పుడు పట్టిందో స్తుతికే తెలియదు. అప్పుడు లాజరు ఆమెను ఓదార్చలేదు. "నీకోసం అన్ని సంతకాలు పెట్టినారా" అని రెండు రోజులు ముభావంగా ఉన్నాడు.

ఆమె ఇదేదీ ఇప్పుడు చెప్పలేదు. తెల్ల కాగితం తీసుకొని బల్ల దగ్గర కూర్చున్నది.

"ఏం రాస్తాండావు?"

"దరఖాస్తు."

"ఎందుకు?"

"నువ్వు దేవుడివి అయితివి గదా. ఇంట్లో ఒక్కరన్నా మనిషి ఉండాల."

తరువాతి వారం వర్తకుల సంఘం వారు ఆసుపత్రికి వచ్చారు. పెళ్లిళ్ల తొందర వలన ఆ ఏడు నర్సుల సన్మానం వారం ఆలస్యమైంది. స్తుతిని వేదిక మీదికి పిలిచేసరికి, ఆమె వార్డులు కడిగే హులిగెమ్మను చెయ్యి పట్టుకొని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టి, తనకు రోగి ఉన్నాడని లోపలికి పోయింది. హులిగెమ్మ ఆదోని వైపు మనిషి. ఇరవై ఏళ్లుగా ఆ గచ్చు కడుగుతున్నది. ఆమె పేరు వర్తకులలో ఒక్కరికీ తెలియదు.

ఈ సంగతి స్తుతి ఫోనులో చెబితే లాజరు నమ్మలేదు.

"శాలువా ఆమెకు కప్పినారా?"

"కప్పబోతే వద్దనింది. మైకు చేత బట్టుకొని, ఈ ఎండలో ఇది నేనేం చేసుకునేదప్పా, దుడ్లు గూడా అడగను, చేతులకు గ్లౌజులు ఇయ్యండి, వారానికి ఒక దినం ఇంటికాడ ఉండనీయండి అనింది. పేపరాయప్ప రాసుకున్యాడు. నాలుగు దినాలకు గ్లౌజుల పెట్టెలు దిగినాయి. ఆదివారం సెలవు గూడా ఇచ్చినారు."

"పొగిడినప్పుడు ఎవురన్నా గ్లౌజులు అడుగుతారా?" అన్నాడు లాజరు. అతనికి హులిగెమ్మ మర్యాద తెలియని మనిషిగా తోచింది.

ఆ మర్యాద ఏమిటో అతనికి ఆ నెలంతా తెలిసివచ్చింది. సన్మానానికి ముందు ముగ్గురాళ్లమిట్టలో కరెంటు పోతే జనం ఆఫీసుకు ఫోను చేసేవారు. ఇప్పుడు నేరుగా అతని గది ముందుకు వచ్చి నిలబడుతున్నారు. మిక్సీ తిరగకపోతే మిక్సీని, ఫ్యాను తిరగకపోతే ఫ్యానును సంకన పెట్టుకొని వస్తున్నారు. ఒకాయన ఆవును తోలుకొచ్చాడు. పక్క ఊరి నుంచి ఒక కుటుంబం నిండు చూలాలిని ఆటోలో తెచ్చి, "పురుళ్లు పోసే లైన్‌మన్ సారు ఇల్లు ఇదేనా?" అని అడిగింది. లాజరు ఆ ఆటోలోనే కూర్చొని ఆమెను ఆరోగ్య కేంద్రం దాకా దింపి వచ్చాడు. ఆ ఊళ్లో కూడా అతని పేరు మారుమోగింది.

ఒరే కరెంటోడా అని పిలిచేవాళ్లు లేకుండా పోయారు. పిలిచినా పోకుండా ఉండగలిగిన రోజులు కూడా లేకుండా పోయినాయి.

జూన్‌లో బదిలీల వేళ ఏఈ సారు కబురు పెట్టారు. ఆయన బల్ల మీద అర్జీ ఒకటి ఉన్నది. దాని వెనుక పన్నెండు పేజీల సంతకాలూ వేలిముద్రలూ ఉన్నాయి. మొదటి వేలిముద్ర నాగలక్ష్మమ్మది. అన్నింటి పైన సన్మాన పత్రం నకలు గుచ్చి ఉన్నది.

"కూర్చో లాజరూ. మైదుకూరు అర్జీ చూసినా. ఇది గూడా చూసినా. ఇంత శపథం పట్టిన మనిషిని నేను కదిలిస్తే నాకు మంచిది కాదు."

"సార్, ఆ శపథం నాది కాదు సార్. మా ఇంటామెది."

"ఆమె గూడా పట్టిందా?" ఏఈ సారు చేతులు జోడించారు. "గొప్ప కుటుంబమప్పా మీది."

"సార్, పోనీ, నాలుగు దినాలు సెలవన్నా ఇయ్యండి సార్."

ఏఈ సారు పత్రంలో ఒక పంక్తి కింద వేలు పెట్టి చూపించారు. అక్కడ అప్పటికే ఎర్ర సిరాతో గీత గీసి ఉన్నది. సెలవు అన్న మాట ఎరుగని.

"ఇంకొక సంగతి," అన్నారు ఆయన. "నీకు సాయంగా ఉండే తిమ్మయ్యను ఎర్రగుంట్ల వైపు పంపిస్తాండా. ఒక్కరై పదిమంది పని అని రాసినారు గదా. ఆడ మనుషులు శానా తక్కువగా ఉండారు."

లాజరు లేచి నమస్కారం పెట్టాడు. దేవుడికి అంతకు మించి చేయగలిగినది లేదు.

ఆ శనివారం బస్సులో మైదుకూరు దాకా అతడు భార్యకు ఎట్లా చెప్పాలో సాధన చేశాడు. తప్పు పరమేష్ మీదికి నెట్టి చూశాడు. నాగశ్రీ మీదికి నెట్టి చూశాడు. కడప దాటేసరికి నెట్టడానికి మనుషులు అయిపోయారు.

తలుపు తీసి ఉన్నది. వసారాలో అట్టపెట్టెలు వరుసగా ఉన్నాయి. స్తుతి పాత దినపత్రికలో గ్లాసులు చుడుతున్నది.

"నా బదిలీ ఆగిపాయె," అన్నాడు లాజరు గడపలోనే నిలబడి.

"తెలుసు. చెప్పులు ఇడిచి లోపలికి రా."

"ఏమే, పెట్టెలు ఎందుకు కడతాండావు?"

"నాది వచ్చింది."

"ఏంది?"

"బదిలీ. మీ ముగ్గురాళ్లమిట్ట పక్క ఆరోగ్య కేంద్రానికి. మొగుడూ పెళ్లాం ఒకే చోట ఉండాలనే కారణం మీద పెట్టుకున్యా. సోమవారం చేరాల."

లాజరు అట్టపెట్టె మీద కూర్చున్నాడు. లోపల గ్లాసు ఒకటి పగిలింది.

"మీ వర్తకుల సంఘం ఊరుకున్యారా? సంతకాలు పెట్టలేదా?"

"ఈ ఏడు నన్ను ఎవురూ పొగడలేదు గదప్పా. శాలువా కప్పనోళ్లకు నేను యాడికి పోతే ఏమి?"

"మరి నేను ఆ పత్రం తెచ్చిన దినమే ఇదంతా తెలుసా నీకు?"

"చదివినా గదా. నువ్వు చదవకుండా పొగిడించుకున్యావు, నేను పొగిడించుకోకుండా చదివినా. లెయ్. ఆ పెట్టెలో ఇంగా మూడు గ్లాసులు ఉండాయి."

ఆరేళ్ల తరువాత ఆ దంపతులు ఒకే కప్పు కింద వారమంతా కాపురం పెట్టారు. లాజరు బదిలీకి అర్జీ పెట్టుకున్నది అందుకే. నెరవేరింది కూడా అదే. నెరవేర్చింది మాత్రం అతడు కాదు. ఆ సంగతి అతనికి రోజుకు రెండు పూటలా, అన్నం దగ్గర, ఆమె మాటల్లేకుండానే గుర్తు చేస్తున్నది.

కొత్త ఇంటికి వచ్చిన నాలుగో రోజు ఉదయం పరమేష్ మరో ఐదుగురితో వాకిట్లోకి వచ్చాడు. అతని చేతిలో కొత్త శాలువా, ముఖంలో పాత వెలుగు.

"లాజరూ, మేడమ్ ఉండారా? మన ఆరోగ్య కేంద్రానికి నర్సమ్మ వచ్చిందని తెలిసినప్పట్నుంచి సంఘానికి నిద్ర లేదు. పత్రం గూడా ఉండాది గదా, మళ్లా నర్సు అని మారిస్తే సరిపోతాది."

లాజరు ఒక్క అంగలో గేటు దగ్గరికి చేరి, రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"వద్దన్నా. నీకు దండం పెడతా. నర్సు పని దేవత పని కాదు. నా పని లాంటిదే. నేర్చుకున్యారు, చేస్తాండారు. చేసినందుకు జీతం, అలిసినందుకు సెలవు. అంతకంటే ఏం లేదు దాంట్లో."

"కట్టుకున్యదాన్ని అట్ల తక్కువ చేస్తాండావే," అన్నాడు పరమేష్ నొచ్చుకొని. "ఆడామె ఎదుగుతాంటే ఓర్చుకోలేవా ఏంది?"

"ఓర్చుకోలేననే అనుకో. సంతకాలు పెట్టాలని చేతులు దురద పెడితే, ఆరోగ్య కేంద్రానికి ఇంకొక నర్సు, ఊరికి ఇంకొక లైన్‌మన్ కావాలని రాసి పెట్టండి. మొదటి వేలిముద్ర నేనేస్తా."

లోపల తాలింపు చిటపటలాడుతున్నది. దాని మీదుగా స్తుతి గొంతు వినిపించింది.

"ఎవురప్పా పొద్దున్నే?"

"ఊరోళ్లు." లాజరు వెనక్కి తిరగకుండానే జవాబు చెప్పాడు. "నీ పని ఉత్త మామూలు పని అని చెప్తాండా."

తాలింపు చప్పుడు కొంచెం తగ్గింది.

"ఇంకొంచెం గట్టిగా చెప్పు," అన్నది స్తుతి. "ఎనకాల నిలబడినోళ్లకు వినపడిందో లేదో."